తుపాకుల వారి ఆవకాయ

హల్ ఊళ్ళో టెలిఫోన్ డబ్బాలు ఎర్రగా ఉండవు,
మీగడ రంగు.
బెవర్లీ రోడ్డు మీద అలాంటిదొకదాని పక్కన
బస్సు కోసం నిలబడి చదివాను ఆ ముక్క:
ఆయుధాల అమ్మకం నిషిద్ధం. మీ పేజీ నిలిపివేశాం.

నేనమ్మింది ఆవకాయ.
అరకిలో సీసా, ఏడు పౌన్లు,
మూత మీద మా ఇంటిపేరు:
తుపాకుల వారి ఆవకాయ.

మా మామగారి తాత జమీందారు గుమ్మంలో
తుపాకీ పట్టుకు నిలబడేవాడట.
ఒక్కసారీ పేల్చలేదట.
అది పేలదని ఆయనకీ తెలుసట, జమీందారుకీ తెలుసట.
ఇన్నేళ్ళకి
మనుషుల్లేని గదిలో ఏదో యంత్రం
ఆ చప్పుడు విన్నది.

అయ్యా, ఇది ఇంటిపేరు, అని రాసుకున్నాను.
అవతల అయ్యా లేడు, అమ్మా లేదు.
పాస్‌పోర్టు ఫోటో అడిగింది, పంపాను.
తుపాకుల సుభాషిణి.
మంచిమాట పలుకుతానని నాన్న పెట్టిన పేరు వెనక,
పెళ్ళి తగిలించిన పేరు ముందు.
ఆరు సెకన్లలో జవాబు:
మీ విన్నపాన్ని క్షుణ్ణంగా పరిశీలించాం.

పదకొండో రోజున పేజీ తిరిగొచ్చింది.
ఎందుకు పోయిందో చెప్పలేదు సరే,
ఎందుకొచ్చిందో కూడా చెప్పలేదు.

కింది వాటాలో రిత్విక, యూనివర్సిటీ పిల్ల,
నా టీ తాగుతూ నాకే క్లాసు పీకింది.
ఒకే మాట ఇరవై గుంపుల్లో అతికించకు పిన్నీ,
అర్ధరాత్రి కొత్త ఫోన్లోంచి తెరవకు,
లైకులు కొనకు,
దెబ్బ తిన్న ఖాతా కదా, నెల్లాళ్ళు పథ్యం.
బాలింతకి చెప్పినట్టు చెప్పింది.

పథ్యం చేశాను.
మూత మీద పేరు తీసేసి సుభా పికిల్స్ అన్నాను.
'కోడిని కోసి' మాని 'చికెన్ తీసుకుని' అన్నాను.
'ఆవాలు పేలగానే' దగ్గర ఆగిపోయాను.
పావుగంట.
పేలక ఆవాలు ఏం చేస్తాయి?
'ఆవాలు సిద్ధమయ్యాక' అని రాశాను.
ఏ ఊరు ప్రయాణమమ్మా ఆవాలు, అంది రిత్విక,
చిటపటలాడాక అనొచ్చుగా?
అనొచ్చు.
భయం పట్టిన చేతికి తట్టలేదు.

లీడ్స్ నుంచి ఎవరో అబ్బాయి
'చంపేశావక్కా! ఇంకో రెండు సీసాలు పంపు' అని పెట్టాడు.
మూడేళ్ళలో అంత మెచ్చుకోలు రాలేదు నాకు.
నా వేలితో నేనే తుడిచేశాను.

ఆడపడుచు జుట్టు కత్తిరించుకుని ఫోటో పెట్టింది.
'నాకు చెప్పకుండానా, చంపుతా నిన్ను' అని కొట్టి
ఒక్కో అక్షరం వెనక్కి లాగేసి
గుండె బొమ్మ ఒకటి పెట్టాను.
రాత్రికి ఫోను చేసింది:
కోపమా వదినా? ఒట్టి బొమ్మ పెట్టావ్.

ఏం చెప్పను దానికి.
మా ఇళ్ళల్లో ప్రేమంతా హత్యాయత్నమే.
నీ దుంప తెగ, ఎంత బాగా పాడావే.
ప్రాణం తోడేస్తున్నాడు వెధవ, ముద్దొచ్చి.
తినకుండా వెళ్ళావో, కాళ్ళు విరగ్గొడతా.
ఇవన్నీ ఏరేస్తే మిగిలేది
'మీ ఆర్డరు అందింది, ధన్యవాదాలు.'

శనివారం ట్రినిటీ మార్కెట్లో బల్ల అద్దెకి తీసుకుంటాను.
చేపల కొట్టు డోరీన్ వచ్చింది,
ముసలావిడ, చేతులకి మంచు వాసన.
బిస్కెట్టు ముక్క మీద ఆవకాయ అద్ది ఇచ్చాను.
కళ్ళు మూసుకుంది. ముక్కు ఎర్రబడింది.
దగ్గింది, బల్ల పట్టుకుంది,
నీళ్ళు వద్దని చెయ్యి ఊపింది.

'కిల్లర్ ఇది, లవ్' అంది. 'నన్ను చంపేసింది.'

ఉలిక్కిపడి ఫోను వంక చూశాను.
సీసాల మధ్య వెల్లకిలా పడుంది,
వింటున్నట్టే.

దాన్ని బోర్లించాను.
మళ్ళీ అనండి, అన్నాను.