మళ్ల తలకాయలు

కోస్గి హైస్కూల్ల ఆఖరి గంట.
షబ్బీర్ సారు బోర్డు మీద రాసిండు: రీక్యాప్.
"మళ్ల టోపీ పెట్టుకునుడా సార్?" అన్నడు ఎనక బెంచీ కిష్టప్ప.
నవ్వినం. సారూ నవ్విండు.

టోపీ కాదు బిడ్డా, పూరా మాట రీకపిట్యులేట్.
లాటిన్ల కాపుట్ అంటే తలకాయ,
కాపిటులుమ్ అంటే చిన్న తలకాయ, పాఠం మీద పెట్టే పేరు.
చెప్పిందంత మళ్ల చెప్పకుండ
ఆ తలకాయలొక్కటే
మొదటికెళ్లి తడుముకుంట వచ్చుడు.

నాకు మేస్త్రి బుడ్డన్న యాదికొచ్చిండు.
దసరా ఎల్లినంక, లారీ ఎక్కినోళ్లను
టార్చిలైటు కొట్టి లెక్కవెట్టేటోడు:
"తలకాయలు ఇరవైమూడున్నర. పోనియ్."
ఆ అర, నేను.

పూనాల ఏడు నెల్లు. మట్టి, కంకర, ఇంత లోతు గుంత.
మళ్ల అదే లారీ, అదే టార్చి.
ఇరవైరెండున్నర.
బుడ్డన్న లైటు ఆర్పి, మళ్ల ఏసి,
ఇంకోపారి మొదటికెళ్లి వచ్చిండు.
ఇరవైరెండున్నర.
ఎవ్వలు మాట్లాడలే. డ్రైవరు బీడీ పారేసిండు.

"సమజైందా?" అంటుండు సారు.
సమజైంది సార్.
నోటుబుక్కుల ఏం రాయాల్నో తెల్వలే గానీ.
పెద్దబాలప్ప అని రాసిన.
మా చిన్నాయిన.
కిష్టప్ప తొంగిచూసి, "గిది పాఠంల లేదు గదనే" అన్నడు.