రాని రాబడి

మార్చి రెండోవారం, టొలీడో.
నదిమీద మంచు ఇంకా పూర్తిగా విరగలేదు.
లాండ్రీ పక్కన నా అద్దె కొట్లో
హీటరుకి మోతే తప్ప వేడి లేదు.
బెర్నడీన్ నోవిట్స్కీ చేతిసంచిలోంచి
నాలుగు మడతల కాగితం తీసి బల్లమీద పెట్టింది,
గుమ్మంలో దొరికిన నిమ్మకాయని
కొనగోళ్లతో పట్టుకొచ్చినట్టు.

"బ్యాంకు వదిలేసిందన్నారు కదా.
నలభై ఒక్కవేల రెండువందల డాలర్లు
నేను సంపాదించానని
సర్కారుకి ఎందుకు రాశారు మరి?"

ఏం చెప్పను.
మాఫీ అనే మాటకి
మా పుస్తకంలో రాబడి అని అర్థం.
చేతిలో పడని డబ్బు,
ఒక పూట సూప్ కూడా కాని డబ్బు
ఇక కట్టక్కర్లేదు అన్న క్షణాన
జీతంలా పుట్టుకొస్తుంది.
లేని కాలికి చెప్పు కొలత తీసినట్టు.

మనిషి కాపురమున్న ఇల్లయితే దారి ఉంది, అన్నాను.
అప్పు ఇల్లు కొనడానికేనా?
"కొనడానికి. తరవాత పైకప్పుకి."
కారుకేం వాడలేదుగా?
"కారు క్లెమ్‌ది."
క్లెమ్ ఎవరని అప్పుడు అడగలేదు.

పాత రిటర్నులు తిరగేస్తుంటే
వెనకవైపు గది అడ్డొచ్చింది.
తొమ్మిదీ పన్నెండూ.
కోర్టు వాంగ్మూలాల టేపులు విని
టైపు కొట్టే ఆఫీసు.
ఇల్లు వెయ్యీ ఎనభై అడుగులు, గది నూటెనిమిది.
పదోవంతు.
ఆరేళ్లుగా పదోవంతు కరెంటు, పదోవంతు గ్యాసు,
గోడల తరుగుదలలో పదోవంతు
ఖర్చు కింద రాసుకుంది.
ఇప్పుడా పదోవంతు లేచి నిలబడి
నేను ఇల్లు కాను, అనొచ్చు.
అనకపోవచ్చు కూడా.
ఇద్దరు పెద్దల్ని అడిగితే మూడు జవాబులొచ్చాయి.
అందుకే ఫారంలో ఉన్న ప్రశ్నే అడిగాను:
ఆ గదిలో పని తప్ప ఇంకేమీ జరగలేదు కదా?

కళ్లజోడు తీసి తుడిచింది.
మళ్లీ తుడిచింది.

"క్లెమ్ పడుకున్నాడు.
మా తమ్ముడు. గాజు ఫ్యాక్టరీ మూతపడ్డాక
వాడి ఇల్లు వేలానికి పోయింది.
ఫిబ్రవరి నించీ నా టైపు బల్ల కిందే పరుపు.
కాళ్లు బయటికి, తల లోపలికి.
రాత్రిళ్లు పెడల్ తొక్కబోయి
వాడి చెవి తొక్కేదాన్ని.
ఓసారి ఏ టేపో ఏ గదో తెలీక
సాక్షి మాటల మధ్య 'గురక' అని కొట్టేశాను.
వకీలు ఫోన్ చేసి అడిగాడు,
ఆ రోజు కోర్టులో నిద్రపోయిందెవరని."

నవ్వింది. వెంటనే ఆపేసింది.
"చెప్పకుండా ఉండాల్సిందా?"

పెన్సిల్ వెనక్కి తిప్పాను.
పోయినేడాది ఆఫీసు ఖర్చు చెరిపేశాను.
మూడువందల పది డాలర్లు
రబ్బరు పొట్టుగా రాలాయి.
నవంబరులో బ్యాంకు అప్పు కొట్టేసిన రోజున
ఆ గదిలో ఒక మనిషి ముడుచుకుని పడుకుని ఉన్నాడు.
పదికి పది వంతులూ ఇల్లే.
చట్టం ఇలాంటివాటికి పేరు పెట్టలేదు.
గడిలో టిక్కు పెట్టమంది, పెట్టాను.

"ఇంతేనా?"
ఇంతే కాదు. పోయిన అప్పంత మేర
కాగితంమీద ఇంటి ఖరీదు తగ్గించి రాయాలి.
అమ్మినరోజు
అది మళ్లీ వచ్చి పలకరించొచ్చు.
"అమ్మను," అంది,
ఇంకెవరికో చెబుతున్నట్టు కిటికీ వైపు తిరిగి.

ఫీజు నలభై డాలర్లు. ఐదుల్లో ఇచ్చింది,
ఒక్కోటీ వేలితో సాపు చేస్తూ.

బయట పాత బ్యూయిక్.
పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి
కోటు మెడదాకా లాక్కుని
సీట్లో ఒక పెద్దమనిషి నిద్రపోతున్నాడు, నోరు తెరిచి.
అద్దంమీద ఆవిరి వచ్చి పోతోంది.
ఆమె వెంటనే తట్టలేదు.
కాసేపు అక్కడే నించుంది.