ఎదుటోని పేర

పద్దెనిమిది దినాలు
బండి వాకిట్లనే నిలవడ్డది.
నకిరేకల్ పంతులు కాడ కొన్న పాత ఆల్టో,
తెల్లది, ఎడమ తలుపుకు సొట్ట.
తాళంచెవి నా అంగీ జేబుల,
తోలే హక్కు ఎవల బల్ల సొరుగులనో.

కోడి దాని కింద గుడ్డు వెట్టింది.
సోమక్క దాని మీద మిరపకాయలు ఎండవోసింది.
పొద్దుమీకి నేను దాంట్ల కూసోని
స్టీరింగు వట్టుకోని, కదలకుంట
చిట్యాల దాక పోయొస్తుంటి.

"కొన్నవు గని తోలవేందే మల్సూరన్నా"
వాడకట్టంత అడిగిండ్రు.
నవనీత ఒప్పదు.
పదైదేండ్లు దాటింది బాపూ,
పరీక్ష గావాలె, పన్ను గట్టాలె, ఇన్సూరెన్సు రావాలె,
అప్పటిదాంక ఒట్టి ఇనుము అంటది.

ముప్పై ఆరేండ్లు తాళ్లెక్కిన.
ఒక్కనాడు ఒక్క సారొచ్చి
నీ మోకు జూపియ్యుమన్నడా?
తెల్లారగట్ల నేనే గుంజి చూసుకునేది,
పురి తెగితె నేనే ముడేసుకునేది.
నంబర్లు చెట్లకుండె,
ఆబ్కారోళ్లు నల్లరంగుతోని రాసినయి.
ఎక్కెటోనికి లేకుండె.

మా తమ్ముడు బిక్షం
నూటపదకొండో నంబరు మీదికెల్లి పడ్డడు.
వాని కాయితాలు మూడేండ్లు తిరిగినయి,
నల్లగొండ, పట్నం, మళ్ల నల్లగొండ.
ఆఖరికి అడిగిండ్రు,
చెట్టెక్కెటోడనె రుజువేదని.
అరచేతులు జూపిద్దుమంటె
అవి అప్పటికే బూడిదైనయి.

పరీక్షకు పోవుడు గూడ తోలుకుంట పోవద్దట.
గుండెబోయిన ఎంకులు ట్రాక్టరిచ్చిండు.
కట్టనీకి తాడు లేకపాయె,
అటుక మీది మోకు దించిన.
ఇన్నేండ్లు నన్ను చెట్టుకు వట్టుకున్నది
బండిని గుంజుకుంట నల్లగొండ తొవ్వ వట్టింది.
నేను వెనక స్టీరింగు కాడ,
గాలిల ఉన్నట్టే ఉన్న.

సారు పడుసు పిలగాడు.
లైటెయ్. హారను గొట్టు. బ్రేకు తొక్కు. వైపరు తిప్పు.
వైపరు తిరగలే.
ఎండకాలమె గద సారూ అన్న.
నవ్విండు.
నవ్వి ఫెయిలు రాసిండు.

ఎనిమిది దినాలకు మళ్ల మోకు, మళ్ల ట్రాక్టరు.
ఈసారి వైపరు తిరిగింది,
చుక్క వాన లేకున్నా
అద్దం మీది దుమ్మును అటిటు తోసుకుంట.

గ్రీన్ టాక్సు గట్టుమన్నరు.
పచ్చటి చెట్టుకు కట్టిన ఒకప్పుడు,
ఇప్పుడు పొగకు కట్టిన.
రెండు రసీదుల రంగు ఒక్కటే.

రెహానా మేడం ఆఫీసు
చిట్టీల దుకాణం మీద, ఇరుకు మెట్లు.
థర్డ్ పార్టీ చాలు అంకుల్ అన్నది.
నాకు దెబ్బ తాకితె ఇస్తరా అని అడిగిన.
మీకు వేరే ఉంటది,
ఇది మీ బండి ఎవలకు తాకితె వాళ్లకు.

కలం వట్టుకోని ఊకున్న కొద్దిసేపు.
మొఖం తెల్వనోడు.
సందులకెల్లి సైకిలు మీద ఉరికొచ్చే పోరడో,
బర్రెను దాటిచ్చుకుంట ఆగిపోయిన ముసలామెనో.
వాళ్లకు నేనెవలో తెల్వదు,
వాళ్ల పేర నా చెమట ముందే జమైంది.
నా జిందగీల ఎదుటోని పానానికి
పైస గట్టుడు ఇదే మొదలు.
బిక్షం పేర ఎవలన్న
ఇట్ల గట్టి ఉంటె
అని అనుకోలేదంటె అబద్దం.
సంతకం వెట్టిన. వంకర వొయింది.

బేస్తవారం తోలిన.
కాటమయ్య బండారి అద్దానికి,
కాయితాలు పాలితీన్ కవరుల,
మోకు డిక్కీల, ఎందుకో.

చిట్యాల చౌరస్త కాడ పోలీసులు.
నేనే నిదానం జేసిన.
అద్దం దించిన.
కవరు చేతిల వట్టుకున్న,
బిక్షం కాయితాల మీద పడని ముద్రలన్ని
దీంట్ల ఉన్నయి.
అడుగు సారూ, ఒక్కపారి అడుగు.

ఆయిన నా దిక్కు చూడనన్న లేదు.
పో, పో అని చెయ్యూపిండు.
వెనక లారీ హారను గొడుతనే ఉంది.
నేను ఇంక జెరంత సేపు
ఆడనే ఆగిన.