ఆశన్న కాంటా

మా ఇంటికి ఎవలొచ్చినా
ముందుగాల చెప్పులిడిచి కాంటా ఎక్కాలె.
కాళ్లకు నీళ్లు ఆ తర్వాత.

బల్లార్షా టేషనుకు, పేపరుమిల్లు వాసనకు నడుమ
రెండర్రల రేకులిల్లు.
తెలుగు దేశం దిక్కు పోయే బండ్లన్ని ఈడ ఆగి
ఊపిరి తీసుకుంటయి.
అండ్లకెల్లి మా చుట్టాలు దిగుతరు.

గనిల బొగ్గులారీలు తూచి తూచి
రిటైరైన మనిషి మా నాయిన.
పాత ఇనుప సామాన్ల కాడ కాంటా కొనుక్కొచ్చి
పందిరి కింద నిలబెట్టిండు.
ఎర్ర అట్ట బుక్కుల రాస్తడు:
"పెద్దపల్లి రాజవ్వ. వచ్చిననాడు యాభై రెండున్నర.
పోయిననాడు యాభై నాలుగు.
కొంటవోయింది: జొన్నరొట్టెలు, ఒక చెంబు, నర్సుబాయి మీద అలుక."

నర్సుబాయంటే మా అమ్మ.
నచ్చినోళ్లతోని తెలుగు మాట్లాడుతది,
నచ్చనోళ్లతోని మరాఠి.
మూడోనాడు దాటితే మాత్రం
సొంత తమ్మునితోనైనా మరాఠే.

తమ్ముడు మంచాలకు సున్నంతోని నంబర్లేసిండు.
కిటికి పక్కది లోయరు, అటుక మీదిది అప్పరు,
గోలెం కాడి చాప వెయిటింగు లిస్టు.
నాయనమ్మ అర్ధరాత్రి లేచి
టార్చిలైటేసి టిక్కెట్లడుగుతది.

ఆ శ్రావణంల వార్ధా నది పొంగి బండ్లు బందైనయి.
ఇంట్ల తొమ్మిది మంది చిక్కిన్రు.
నాగపూర్ల కండ్లాపరేషను చేయించుకున్న తాత,
ఆయనకు తోడొచ్చిన నలుగురు,
ఎప్పటి లెక్కనే రాజవ్వ, ఆమె మనుమడు,
తాడోబాల పులిని చూస్తమని పోయి
గేటు కాడి కుక్కను చూసొచ్చిన కొత్తజంట.

ఆ రాత్రే విఠోబా కాకా వచ్చిండు.
చేతుల తడిసిన సంచి, మొకం మీద మొకం లేదు.
గనిల కాంటా కాడ నాయిన కుర్చీల కూసున్నది ఆయనే.
రెండు లారీల బొగ్గు కాగితం మీదున్నదట,
భూమ్మీద లేదట.
సంతకం ఆయనది.
భార్య పిల్లల్ని తీసుకొని వరోరా పోయింది.

"ఎక్కు" అన్నడు నాయిన అలవాటుకొద్ది.
అన్నంక నాలుక కర్సుకున్నడు.
విఠోబా కాకా కాంటాను పామును చూసినట్టు చూసిండు.
అయినా ఎక్కిండు.
యాభై తొమ్మిది.
కొంటొచ్చింది అన్న కాడ నాయిన ఏం రాయలే.

తెల్లారేసరికి తొమ్మిది మందికి తొమ్మిది తొవ్వలు దొరికినయి.
పులిని చూడని అల్లుడు వకీలు పేరు చెప్పిండు.
తాత కండ్లకు గంతలతోనే
"మొకం చూస్తె మంచోడే ఉన్నడు" అన్నడు.
రాజవ్వ రోలు కాడ అమ్మ చెవుల అడిగింది:
"ఇంతకు ఆయన తిన్నడా?"
"రాత్రి సగం రొట్టె" అన్నది అమ్మ.

ఆనాటి సంది అమ్మ
విఠోబా కాకాతోని తెలుగే మాట్లాడింది.
ఆయనకొక్క ముక్క రాదు.
ఉప్పు సరిపోయిందా అంటె తలూపేటోడు,
చద్దరు కావాల్నా అంటె తలూపేటోడు,
పోరగాండ్లు యాదికొస్తున్నరా అంటె
గిన్నెల చూసుకుంట తలూపేటోడు.

రోజూ పొద్దుగాల కాంటా.
యాభై ఎనిమిదిన్నర. యాభై ఎనిమిది.
ముల్లు దిగుతున్న కొద్ది
నాయిన గొంతు సన్నబడ్డది.
పదకొండోనాడు యాభై ఏడు కాడ ఉండాల్సిన ముల్లు
అరవై దాక పోయింది.

నేను తలుపు సందుల ఉన్న.
అద్దాలు తుడుచుకుంట ముల్లు చదివెతందుకు వంగిన నాయిన
కుడికాలి బొటనవేలు
కాంటా అంచు మీద మోపిండు.
ముప్పై ఏండ్లు లారీ డ్రైవర్ల కాలు కాంటాకు తాకితే
బూతులు తిట్టిన మనిషి.
"బఘ్ విఠోబా, వజన్ వాఢలం!" అని అరిచిండు.

విఠోబా కాకా కిందికి చూసిండు.
ఆయన గూడ కాంటా మనిషే గద.
ఏమనలే.
ఆ రాత్రి రెండో రొట్టె అడుక్కున్నడు.

నీళ్లు దిగినయి, బండ్లు నడిచినయి,
రాజవ్వ ఇంకో చెంబు కొంటవోయింది.
ఎంక్వయిరీ తారీఖు ఇంక రాలే.
విఠోబా కాకాకు లోయరు దొరికింది.
ఎర్ర అట్ట బుక్కు ఎవలు లేనప్పుడు తీసి చూసిన:
"విఠోబా. అరవై."
దాని కింద సీసంపెన్నుతోని, సన్నగ:
"అండ్ల మూడు నావి."