పది నిమిషాల వంతు

మండలిలో నా వంతు పది నిమిషాలు.
తర్వాత ఇంకో రిపోర్టరు వస్తుంది,
కుర్చీ వెచ్చదనం తగ్గకముందే.
ఆ పదిలో ఎవరు లేస్తే వాళ్ల మాట నాది.
ఆ రోజు లేచింది బుర్రి సాంబయ్య,
టీచర్ల ఓట్లతో గెలిచిన మనిషి.
జేబులో ఇప్పటికీ సుద్దముక్క ఉంటుందని
క్యాంటీన్‌లో నవ్వుకుంటారు.

బిల్లు పేజీన్నర.
కాపాడవలసిన కట్టడాల పట్టికలో
నలభై ఒకటో వరుస తీసేయాలి, అంతే.
నలభై ఒకటి అంటే బర్కత్ దేవిడీ, దబీర్‌పురా.
ఆ చోట ఏం రాయాలో బిల్లులో లేదు.

అందరూ ఎదురుచూసినట్టు ఆయన
కమాన్ల నగిషీ ఎత్తలేదు, నవాబుల అత్తరు ఎత్తలేదు.
"అధ్యక్షా, ఆ దేవిడీ మెట్లు పద్దెనిమిది.
తాండూరు నుంచి ఆ బండలు తెచ్చిన బండ్లల్ల
ఒకటి మా తాతది.
ఎడ్లు మావే, మేత మాదే. పైస ఇయ్యలే.
దారిల ఒక ఎద్దు కూలబడితే
కాడికి అటుపక్క మా తాత మెడ పెట్టిండు.
వెట్టికి రశీదు ఉండదు అధ్యక్షా.
మా ఇంటికి రశీదంటే ఆ మెట్లే.
అది చింపే అధికారం మనకెవలిచ్చిన్రు?"

నా పెన్సిలు ఒక్క క్షణం తడబడింది.
షార్ట్‌హ్యాండ్‌లో అచ్చులు వదిలేస్తాం.
కాడికీ కూడుకీ
ఒకటే గీత.

అటువైపు నుంచి ఎవరో అన్నారు,
మెట్లే కావాలంటే మ్యూజియంలో పెట్టిస్తామని.
"మ్యూజియంల మెట్లు ఎక్కనిస్తరా?"
నవ్వులు. నవ్వుల్ని బ్రాకెట్లో రాస్తాం.
ఆయన నవ్వలేదు.

"పెద్దల సభ అంటరు మనల్ని. మన బలమెంత?
మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల.
వద్దనే బలం లేదు. ఆగుమనే బలమే ఉన్నది.
డంగుసున్నం నూరే మునీరొద్దీన్‌ను అడిగిన.
ఒక పొర ఆరకముందు ఇంకో పొర ఎక్కించడంట,
తొందరపడ్డ గోడ తొలివానకే రాలుతదంట.
ఈ సభను కట్టినోళ్లు
సున్నం తెలిసినోళ్లే అధ్యక్షా."

తర్వాత ఆయన ఒక వాక్యం అన్నాడు.
బల్లలు మోగాయి, కాగితాలు లేచాయి,
అది రికార్డుల్లోకి పోదని రూలింగ్ వచ్చింది.
అచ్చులో అక్కడ మూడు చుక్కలుంటాయి.
నా నోటుబుక్కులో మూడు గీతలున్నాయి.
ఏమన్నాడని మా ఆయన అడిగాడు,
మా సెక్షన్‌లో అడిగారు.
పప్పులో ఉప్పు చాలిందా అని మాట మార్చాను.
జీతం తీసుకునేది విన్నందుకే కాదు,
విననట్టు ఉన్నందుకు కూడా.

బిల్లు వెనక్కి పోయింది.
నెలలు లెక్కలో పడ్డాయి.

ఒక ఆదివారం చార్మినార్ బస్సు దిగి
అడుగుతూ అడుగుతూ వెళ్లాను.
గేటుకి తలుపుల్లేవు. మూడో మెట్టు మీద
ఒకామె లక్కగాజులకు రాళ్లు అద్దుతోంది,
బొగ్గుల కుంపటి పక్కన.
"సర్వేకొచ్చినవా?"
"కాదు, మెట్లు లెక్కపెట్టడానికి."
"అదే గదా సర్వే," అని కాళ్లు ముడుచుకుంది.

పదిహేడు.
దిగుతూ మళ్లీ లెక్కపెట్టాను, పదిహేడే.
తప్పు చెప్పాడా పెద్దాయన?
సభలో తప్పు చెబితే ఎంత పెద్ద గొడవో!
ఆమె కుంపటి ఊదుతూ, తలెత్తకుండా,
"కిందిది రోడ్డు మింగింది,
నా పెండ్లినాటికి ఉండె" అంది.

చెప్పు విడిచి ఆ తారు మీద కాలు ఆనించాను.
వేడికి కాలింది. వెనక్కి తీసుకున్నాను.

సోమవారం ప్రూఫు వచ్చింది.
పద్దెనిమిది పక్కన ఎవరో
ఎర్రసిరాతో ప్రశ్నార్థకం పెట్టారు.
కొట్టేసి, అంచున రాశాను:
ఉన్నదున్నట్టు.