కారిడార్ ట్రిప్పు

మూడు బంతుల డబ్బా నోటికిచ్చి
"ఊదబాకు మాల్యాద్రన్నా, పీల్చు" అంది షాహీన్.
ఇరవై రెండేళ్లు పామూరు బస్సులో
ఈల ఊదిన నోరు నాది.
పీల్చడం ఎప్పుడు మరిచానో.

ఒక బంతి లేచింది.
రెండోది కదిలి, పడింది.

నిన్న కోసి కుట్టిన పొట్టకు దిండు అదిమిపెట్టి
దగ్గమంది. దగ్గాను.
మంచం దిగమంది.
పోగతోట ఆసుపత్రిలో ఆ కారిడార్
కందుకూరు ఘాటంత పొడుగు.

సీట్ల మధ్య ఇరుక్కుని
"కాస్త జరగండమ్మా" అని ఎందర్ని అన్నానో!
జరగాల్సింది నేనని
ఎవరూ అనలేదు. నవ్వారంతే.

నర్సుల బల్ల పట్టుకుని నిలబడ్డాను.
"ఇక్కడ స్టాపు లేదన్నా."

బార్లీ నీళ్లు నాలుగు చెంచాలు,
గంట పట్టింది.
సాయంత్రం మళ్లీ దిగాను.
రైట్ చెప్పేవాళ్లెవరూ లేరు.
కుడికాలు దానంతటదే
ముందుకు పడింది.