నీలం పట్టీ

హకోదాతే రేవులో, చేపల గోదాము మీది వాటాలో
కురమొచి బీరువా నిండా రికార్డర్లే. ఏడు.
ఏడోదాంట్లో ఇంక పదకొండు గంటల చోటుంది.

"పదేళ్లాగు," అంటాడు స్క్రూడ్రైవరుతో చెవి గోక్కుంటూ,
"డిస్కే ఉండదు. చెరపమంటావా అని అడగదు.
అన్ని చానళ్లూ అన్ని రాత్రులూ చెప్పకముందే పట్టేస్తుంది."
"చూసేదెవరు?" చెల్లెలు చిజురు ఉల్లికాడలు తరుగుతూ.
"అదే చూస్తుంది. నువ్వు నవ్వే చోటు మటుకు నీకు చూపిస్తుంది."

ఆమె నవ్వలేదు.

"పాత మచ్చలు కూడా తుడిచేస్తుంది. ఇదిగో, చూడు"
ఏదో హాస్య నాటిక. తెర ఎడమ అంచునా అడుగునా
నీలం పట్టీ: భారీ మంచు. రైళ్లు రద్దు.
"పదిహేనేళ్లుగా కంట్లో నలుసు."

కత్తి ఆగింది.
"నా రైలు ఆగిపోయిన రాత్రి కదూ అది?
స్టేషన్ దాకా నడిచొచ్చావు.
ఒక్క జత చేతితొడుగులు, ఇద్దరం వంతులేసుకున్నాం."

అవును. ఇంట్లో ఎవరూ లేరు.
టైమరు పెట్టిన పెట్టె ఒక్కతే
ఎర్ర దీపం వెలిగించుకుని కూచుంది.

కురమొచి ఇంకేం జోస్యం చెప్పలేదు.
దాన్ని ఏడోదాంట్లోకి ఎక్కించాడు, పట్టీతో సహా.

ఇంక పది గంటల చోటుంది.